రష్యా బలాన్ని అంచనా వేయడం ఎలా?

రష్యా గురించి వచ్చే వార్తలను క్రమం తప్పకుండా చదివేవారికి రెండు రష్యాలు ఎదురవుతాయి. ఒక కథనం ప్రకారం అది జనాభా తగ్గిపోతూ, ఆంక్షల కింద నలుగుతూ, చైనా మీద ఆధారపడి బతుకుతున్న దేశం. మరో కథనం ప్రకారం అది పశ్చిమ దేశాలన్నింటినీ ఒంటరిగా నిలువరిస్తున్న మహాశక్తి. రెండింటిలోనూ వివరాలు చాలావరకు నిజమైనవే కావడం వల్ల, పాఠకుడు తన మనసుకు నచ్చిన కథనాన్ని ఎంచుకుని అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది. గ్రూప్-1, సివిల్స్ పరీక్షలకు సిద్ధమవుతున్నవారికీ, టీవీ చర్చలు విన్న తరువాత సొంతంగా ఒక నిర్ణయానికి రావాలనుకునేవారికీ పనికివచ్చే ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి సూటిగానే ఉంటుంది. రష్యాకు సంబంధించిన ఏ వార్త చదివినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఇందులో కనిపిస్తున్న బలం సోవియట్ యూనియన్ నుంచి వారసత్వంగా వచ్చినదా, లేక 1991 తరువాత రష్యా సంపాదించుకున్నదా? రెండవది, ఈ బలంతో రష్యా ఇతర దేశాల చేత తనకు కావలసిన పని చేయించగలుగుతోందా, లేక తనకు నచ్చని పనిని అడ్డుకోవడం వరకే చేయగలుగుతోందా? అగ్రరాజ్యం అనిపించుకున్న రోజుల్లో మాస్కోకు చేయించే శక్తి, అడ్డుకునే శక్తి రెండూ ఉండేవి. ఇప్పుడు ఆ రెండింటి మధ్య దూరం ఎంత పెరిగిందో గమనించడమే ఈ అధ్యయనంలో అసలైన పని అని నా అభిప్రాయం.

1991 పంపకాన్ని ముందుగా తెలుసుకోండి

1991 డిసెంబర్ 8న రష్యా, ఉక్రెయిన్, బెలారస్ నాయకులు బెలవేజా అడవిలోని ఒక విడిదిలో కలుసుకుని సోవియట్ యూనియన్ ఇక లేదని సంతకాలు చేశారు. డిసెంబర్ 25న సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ రాజీనామా చేశారు. ఒక రాజ్యం 15 దేశాలైంది. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు పెద్ద కొడుకుకు ఇల్లు, ఇంటిపేరు, అప్పులు వచ్చి, బావి మాత్రం తమ్ముడి హద్దులోకి పోయినట్టు జరిగిన పంపకం అది. సోవియట్ భూభాగంలో నాలుగింట మూడు వంతులు రష్యాకు వచ్చాయి, జనాభాలో మాత్రం సగానికి కొంచెం పైన వచ్చింది: 1989 జనగణన నాటికి యూనియన్ మొత్తం జనాభా 28.7 కోట్లు ఉండగా, అందులో రష్యా వాటా 14.7 కోట్లు. భద్రతా మండలిలో శాశ్వత స్థానం, దానితోపాటు వీటో అధికారం, కొత్తగా ఏ ఓటింగూ జరగకుండానే రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రభుత్వానికి దక్కాయి. ఉక్రెయిన్, బెలారస్, కజకిస్తాన్ భూభాగాల్లో మిగిలిపోయిన అణ్వస్త్రాలు కూడా తరువాతి సంవత్సరాల్లో రష్యాకు చేరాయి. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో కుదిరిన అవగాహన ప్రకారం, అణ్వస్త్రాలు వదులుకున్న ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్‌లతో పాటు రష్యా కూడా మాట ఇచ్చింది. 2014లో క్రిమియాను రష్యా కలుపుకోవడం గురించీ, 2022లో ఉక్రెయిన్‌పై దండయాత్ర గురించీ చదివేటప్పుడు ఈ మాటను మరచిపోకూడదు.

చేజారినవాటి జాబితాను కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలి. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లిన బైకనూర్ కేంద్రం కజకిస్తాన్‌లో ఉండిపోయింది. దానికి రష్యా ఏటా 11.5 కోట్ల డాలర్ల అద్దె చెల్లిస్తోంది. సోవియట్ విమాన వాహక నౌకలను నిర్మించిన మికొలాయివ్ నౌకా నిర్మాణ కేంద్రం ఉక్రెయిన్‌కు వెళ్లింది. మన నౌకాదళంలోని ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య పుట్టింది అక్కడే. 2024 డిసెంబర్‌లో రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ తుశీల్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ: నౌకను రష్యా నిర్మించింది, దానిని నడిపే గ్యాస్ టర్బైన్లు మాత్రం ఉక్రెయిన్‌లో తయారయ్యాయి. యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల పనితనం ఒకే నౌకలో ఉండటానికి కారణం, అవి ఒకప్పుడు ఒకే పరిశ్రమలో రెండు విభాగాలుగా ఉండటమే.

ఆర్థిక వ్యవస్థకు ఏ కొలత వాడాలి

రష్యా స్థూల దేశీయోత్పత్తి మార్కెట్ మారకపు రేటు ప్రకారం 2023లో సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు, అంటే ఇటలీ కంటే తక్కువ. కొనుగోలు శక్తి ప్రకారం, అంటే దేశంలోని ధరల్లో ఆ డబ్బుకు ఎంత సరుకు వస్తుందో చూసి లెక్కిస్తే, 2024లో ప్రపంచ బ్యాంకు సవరించిన అంకెలు జపాన్‌ను దాటించి దానిని నాలుగవ స్థానంలో నిలబెట్టాయి. రెండూ సరైన లెక్కలే కాబట్టి, ఎవరి వాదనకు అనువైనదాన్ని వారు ఉదహరిస్తుంటారు. మీరు మాత్రం ఆ డబ్బుతో ఏం కొంటున్నారన్నదాన్ని బట్టి కొలతను ఎంచుకోవాలి. సైనికుడి జీతం, ఫిరంగి గుండ్లు, దేశంలోనే తయారయ్యే క్షిపణులు రూబుళ్లలో దొరుకుతాయి కాబట్టి, యుద్ధం చేసే సామర్థ్యాన్ని అంచనా వేయడానికి కొనుగోలు శక్తి లెక్క నయం. దిగుమతి చేసుకోవలసిన చిప్‌లు, యంత్ర పరికరాలు, విదేశాలకు ఇచ్చే రుణాలు, మిత్రదేశాల్లో పెట్టే పెట్టుబడుల విషయానికి వస్తే డాలర్ల లెక్కే అసలు సంగతి చెబుతుంది. ఒక పరిమిత యుద్ధాన్ని ఏళ్ల తరబడి సాగించగలిగిన దేశం, మధ్య ఆసియాలో చైనా వేస్తున్న రైలు మార్గాలతో ఎందుకు పోటీ పడలేకపోతోందో ఈ తేడా గ్రహిస్తేనే అర్థమవుతుంది.

వృద్ధి రేటు చూసి కూడా తొందరపడకూడదు. 2023, 2024 సంవత్సరాల్లో రష్యా ఆర్థిక వ్యవస్థ మూడు శాతానికి పైగా పెరిగింది, కానీ అందులో పెద్ద భాగం సైనిక వ్యయం వల్ల వచ్చినదే. ధరలను అదుపు చేయడానికి ఆ దేశ కేంద్ర బ్యాంకు 2024 అక్టోబర్‌లో వడ్డీ రేటును 21 శాతానికి పెంచవలసివచ్చింది. అయితే 1998 ఆగస్టులో ప్రభుత్వం అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన రష్యాతో దీనిని పోల్చడం పొరపాటు. 2022లో పశ్చిమ దేశాలు సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేసినా బ్యాంకులు మూతపడలేదంటే, ఈ మధ్యకాలంలో ఆ దేశపు ఆర్థిక అధికారులు చేసిన పనిని గుర్తించాలి.

గ్యాస్, చమురు, గోధుమ, అణు విద్యుత్తు

సహజ వనరులన్నింటినీ ఒకే గాటన కట్టకుండా, ప్రతి సరుకూ ఏ దారిలో కొనుగోలుదారుడిని చేరుతోందో చూడాలి. పశ్చిమ సైబీరియా నుంచి ఐరోపాకు వెళ్లే గ్యాస్ పైప్‌లైన్లు సోవియట్ కాలపు పెట్టుబడులు. 2021లో ఐరోపా యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యా నుంచే వచ్చేది. 2023 నాటికి ద్రవరూప వాయువుతో కలిపినా అది 15 శాతం లోపుకు పడిపోయింది. పైప్‌లైన్‌ను మలుపు తిప్పి మరో దేశానికి పంపడం కుదరదు. చైనాకు 2019 డిసెంబర్‌లో మొదలైన ‘పవర్ ఆఫ్ సైబీరియా’ పైప్‌లైన్ వేరే క్షేత్రాల నుంచి వెళుతుంది. యాభై ఏళ్ల పాటు కట్టుకున్న ఒక మార్కెట్‌ను రష్యా రెండేళ్లలో పోగొట్టుకున్నది, ఇది తిరిగి పూడ్చుకోవడం కష్టమైన నష్టం.

చమురు సంగతి వేరు, ఎందుకంటే అది ఓడల్లో వెళుతుంది. 2022కు ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపే ఉండగా, 2023-24 నాటికి అది మూడింట ఒక వంతుకు చేరింది.

గోధుమల విషయంలో కథ తిరగబడింది, చాలామంది విశ్లేషకులు దీనిని పట్టించుకోరు. అగ్రరాజ్యంగా వెలిగిన సోవియట్ యూనియన్ 1972లో తన ప్రధాన శత్రువైన అమెరికా నుంచే భారీగా గోధుమలు కొన్నది. నేటి రష్యా ప్రపంచంలోకెల్లా అతిపెద్ద గోధుమ ఎగుమతిదారు. ఈజిప్టులో రొట్టె ధర నల్ల సముద్రపు ఓడరేవులతో ముడిపడి ఉంది. ఇది వారసత్వం కాదు, 1991 తరువాత సాధించుకున్న బలం. అణు విద్యుత్తులో రష్యా ప్రభుత్వ సంస్థ రోసాటమ్ స్థానం కూడా గట్టిది. తమిళనాడులోని కూడంకుళంలో, బంగ్లాదేశ్‌లోని రూప్పూర్‌లో, టర్కీలోని అక్కుయులో, ఈజిప్టులోని ఎల్ దబాలో రియాక్టర్లు కడుతున్నది ఆ సంస్థే. రియాక్టర్ కట్టినవారితో ఇంధనం, మరమ్మతులు, శిక్షణ కలిపి అరవై ఏళ్ల అనుబంధం ఏర్పడుతుంది. రష్యా యురేనియం దిగుమతిపై అమెరికా 2024లో నిషేధ చట్టం చేసినప్పుడు, 2027 చివరి వరకు మినహాయింపులకు వీలు ఉంచుకోవలసివచ్చింది.

పొరుగు దేశాల ప్రవర్తనను గమనించండి

పద్ధతి మొత్తంలో నేను అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. ఒక దేశం తన గురించి తాను చెప్పుకునేదాని కంటే, దాని భయమూ దాని మేలూ రెండూ అనుభవించిన పొరుగువారు ఏం చేస్తున్నారో చూడటం నమ్మదగిన సూచిక.

ఉక్రెయిన్‌పై దండయాత్రను ఖండిస్తూ ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 2022 మార్చి 2న ఆమోదించిన తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి, 35 దేశాలు తటస్థంగా ఉన్నాయి. మన వార్తల్లో భారత్ ఆ 35లో ఉండటమే ప్రముఖంగా వచ్చింది. మీరు ఆ పట్టికలో మాజీ సోవియట్ రిపబ్లిక్‌లను మాత్రమే విడిగా తీసి చూడండి. రష్యా కాక మిగిలిన 14 దేశాల్లో ఉక్రెయిన్, జార్జియా, మాల్దోవా, మూడు బాల్టిక్ దేశాలు తీర్మానాన్ని సమర్థించాయి. కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, అర్మేనియా తటస్థంగా ఉండిపోయాయి. ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అజర్‌బైజాన్ ఓటే వేయలేదు. రష్యా పక్షాన నిలిచింది ఒక్క బెలారస్. ఒకప్పుడు మాస్కో ఆదేశంతో నడిచిన దేశాల్లో చాలా వాటిని అది నోరు మెదపకుండా ఆపగలిగింది గానీ, తన వైపు చేయి ఎత్తించలేకపోయింది. ముందు చెప్పిన రెండవ ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన సమాధానం మరెక్కడా దొరకదు.

కజకిస్తాన్‌ను కొంచెం నిదానంగా చూడాలి. 2022 జనవరిలో అక్కడ అల్లర్లు చెలరేగినప్పుడు రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పంద సంస్థ బలగాలు వెళ్లి అధ్యక్షుడు తొకాయెవ్ ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. అదే తొకాయెవ్ ఆరు నెలలు తిరగకముందే సెంట్ పీటర్స్‌బర్గ్ ఆర్థిక సదస్సులో పుతిన్ సరసన వేదికపై కూర్చుని, తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్, లుహాన్స్క్‌లను దేశాలుగా గుర్తించేది లేదని స్పష్టం చేశారు. సాయం పొందినవాడు ఎదుటనే కాదనగలిగాడంటే, ఆ సాయానికి ప్రతిఫలం రాబట్టే శక్తి తగ్గిందన్నమాట. అర్మేనియా కథ మరింత బాధాకరమైనది. అర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య 2020 యుద్ధం తరువాత, ఆ రెండు దేశాల వివాదానికి కేంద్రమైన నగోర్నో-కరబాఖ్‌లో రష్యా శాంతి పరిరక్షక బలగాలు ఉన్నప్పటికీ, 2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ ఒక్క రోజు దాడితో ఆ ప్రాంతాన్ని చేజిక్కించుకున్నది. లక్ష మందికి పైగా అర్మేనియన్లు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడాది అర్మేనియా ఆ భద్రతా సంస్థలో తన భాగస్వామ్యాన్ని నిలిపివేసింది.

పడమటి సరిహద్దు సంగతి చెప్పాలంటే, ప్రచ్ఛన్న యుద్ధం పొడవునా తటస్థంగా ఉన్న ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో, రెండు శతాబ్దాలుగా సైనిక కూటములకు దూరంగా ఉన్న స్వీడన్ 2024 మార్చిలో నాటోలో చేరాయి. ఫిన్లాండ్ చేరికతో రష్యాకు నాటోతో ఉన్న భూసరిహద్దు 1,300 కిలోమీటర్లకు పైగా పెరిగింది. నాటో విస్తరణను ఆపడం కూడా ఈ యుద్ధ లక్ష్యాల్లో ఒకటని మాస్కో చెప్పుకున్నది. ఆ లక్ష్యంతో కొలిస్తే ఫలితం పూర్తిగా ఎదురు తిరిగింది. 2025 ఫిబ్రవరిలో ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా సోవియట్ కాలపు విద్యుత్ గ్రిడ్ నుంచి కూడా వేరుపడ్డాయి.

దూరపు మిత్రుల విషయంలో సిరియాను గుర్తుంచుకుంటే చాలు. 2015 సెప్టెంబర్‌లో వైమానిక దాడులతో అసద్ ప్రభుత్వాన్ని రష్యా కాపాడింది. 2024 డిసెంబర్‌లో అదే ప్రభుత్వం కూలిపోతుంటే మాస్కో అసద్‌కు ఆశ్రయం మాత్రమే ఇవ్వగలిగింది.

అణ్వస్త్రాలు, వీటో

ఈ రెండింటిలో రష్యా స్థానం తగ్గలేదు. ప్రపంచంలోని అణు వార్‌హెడ్‌లలో దాదాపు పదింట తొమ్మిది వంతులు అమెరికా, రష్యాల దగ్గరే ఉన్నాయి. ఉక్రెయిన్‌కు ఏ ఆయుధం ఇవ్వాలి, దానిని ఎంత దూరం వాడనివ్వాలి అని పశ్చిమ దేశాలు నెలల తరబడి తర్జనభర్జన పడటానికి కారణం ఇదే. కానీ ఆ ఆయుధాలు కజకిస్తాన్ చేత ఓటు వేయించలేదు, ఐరోపా చేత గ్యాస్ కొనిపించలేదు.

చైనాతో సంబంధాన్ని ఎలా చదవాలి

1950లలో చైనాకు ఇంజనీర్లను, కర్మాగారాలను ఇచ్చిన పెద్దన్న పాత్ర సోవియట్ యూనియన్‌ది. 2023లో రెండు దేశాల వాణిజ్యం 24,000 కోట్ల డాలర్లకు చేరింది. మొత్తం అంకె కంటే, ఆ అంకె ఎవరికి ఎంత ముఖ్యమో చూడండి. రష్యా విదేశీ వాణిజ్యంలో అది దాదాపు మూడో వంతు, చైనా విదేశీ వాణిజ్యంలో సుమారు నాలుగు శాతం. అందుకే కొత్త గ్యాస్ పైప్‌లైన్ ధర గురించి బేరం జరిగినప్పుడు తొందర ఎవరికి ఉందో, నిదానించే వీలు ఎవరికి ఉందో చెప్పడం కష్టం కాదు. బ్రిక్స్, షాంఘై సహకార సంస్థ సమావేశాల ఫొటోలు చూసి రష్యా ఒంటరి కాలేదని చెప్పవచ్చు, అది నిజమే. అయితే ఆ బల్ల దగ్గర ఎజెండా ఎవరు రాస్తున్నారన్నది వేరే ప్రశ్న.

మన వైపు నుంచి చూసేటప్పుడు

తెలుగువారికి ఈ దేశంతో ఉన్న అనుబంధం పుస్తకాల్లో చదివినది మాత్రమే కాదు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు పుస్తకాలు తక్కువ ధరకు మన ఊళ్లకు చేరేవి, రెండు తరాలు వాటితో పెరిగాయి. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సాంకేతిక సహకారంతో రూపుదిద్దుకున్నది. దానిని పి.వి. నరసింహారావు 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసే నాటికి సహకరించిన ఆ దేశం భూపటం మీద లేదు. ఈ జ్ఞాపకాలు విలువైనవే. కానీ 1971లో భద్రతా మండలిలో మన పక్షాన వీటో వాడిన దేశమూ, 2022లో ఉక్రెయిన్ నగరాలపై క్షిపణులు కురిపించిన దేశమూ ఒక్కటే అన్నట్టుగా, పాత కృతజ్ఞతతో కొత్త చర్యను తూచడం న్యాయం కాదని నేను నమ్ముతాను. ఆనాటి సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా భాగమే.

రష్యా స్థానం ఎలా మారిందో మన గడ్డ మీదే చూడాలంటే శ్రీహరికోట చాలు. అతి శీతల ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్లతో పాటు వాటి సాంకేతిక పరిజ్ఞానాన్ని కూడా ఇస్రోకు ఇవ్వడానికి సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ 1991లో ఒప్పుకున్నది. అమెరికా ఆంక్షలు విధించడంతో, ఆర్థికంగా చితికిపోయి ఉన్న రష్యా 1993లో పరిజ్ఞానం ఇవ్వకుండా ఇంజన్లు మాత్రమే ఇచ్చేందుకు పరిమితమైంది. మాట ఇచ్చింది అగ్రరాజ్యం, వెనక్కు తగ్గింది దాని వారసురాలు. 2001 ఏప్రిల్‌లో మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఆ రష్యన్ ఇంజన్‌తోనే ఎగిరింది, 2014 జనవరిలో మన సొంత క్రయోజెనిక్ దశ విజయవంతమైంది.

ఆయుధాల విషయానికి స్టాక్‌హోమ్‌లోని సిప్రి పరిశోధన సంస్థ ఐదేళ్ల కాలాలకు లెక్కగట్టే వాటాలు ఉపయోగపడతాయి. భారత ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2009-13లో 76 శాతం, 2014-18లో 58 శాతం, 2019-23లో 36 శాతం. ఇప్పటికీ మొదటి స్థానం దానిదే, అయినా దిగుతున్న మెట్లు స్పష్టంగా ఉన్నాయి. రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా 2025 ఆగస్టులో మన సరుకులపై అదనంగా 25 శాతం సుంకం వేసినప్పుడు, ఆ దెబ్బ ముందుగా తగిలినవారిలో అమెరికాకు రొయ్యలు పంపే ఆంధ్ర కోస్తా ఆక్వా రైతులు ఉన్నారు. ఉద్యోగం పేరుతో వెళ్లి రష్యా సైన్యంలో చిక్కుకుపోయిన భారతీయుల్లో హైదరాబాద్ యువకుడు ఒకరు 2024లో యుద్ధభూమిలో ప్రాణాలు కోల్పోయాడు. ఎంతో దూరంలో ఉన్న యుద్ధం భీమవరం చెరువు గట్టుకూ, హైదరాబాద్ ఇంటికీ ఏ దారిలో చేరుతుందో అర్థం చేసుకోవడానికైనా ఈ శ్రమ అవసరం.

ఒక వార్తను తీసుకుని చేసి చూడండి

2023 ఆగస్టు 19న రష్యా వ్యోమనౌక లూనా-25 చంద్రుడిపై కూలిపోయింది. ఆగస్టు 23న చంద్రయాన్-3 క్షేమంగా దిగింది. ఆ వారం మన మాధ్యమాలు రష్యా అంతరిక్ష చరిత్ర ముగిసిందన్నట్టు రాశాయి. ఇప్పుడు మొదటి ప్రశ్న వేయండి. సోవియట్ లూనా-24 చంద్రుడి మట్టి తెచ్చింది 1976లో. ఆ తరువాత 47 ఏళ్లు ఆ దారిలో ఏ నౌకనూ పంపలేదు కాబట్టి, పనిచేసిన శాస్త్రవేత్తల అనుభవం తరువాతి తరానికి అందలేదు. వారసత్వాన్ని వాడుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడ తెలుస్తుంది. మరోవైపు సోయుజ్ నౌక కూడా వారసత్వమే అయినా, దానిని ఆపకుండా నడిపారు. 2011 నుంచి 2020 వరకు అమెరికా వ్యోమగాములు సైతం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లడానికి దానిలోనే సీట్లు కొనుక్కోవలసివచ్చింది. రెండవ ప్రశ్నకు మన వ్యోమగాములే సమాధానం. 1984లో రాకేశ్ శర్మ సోయుజ్‌లో వెళ్లారు. 2025లో శుభాంశు శుక్లా మాస్కో దగ్గరి గగారిన్ కేంద్రంలో ప్రాథమిక శిక్షణ పొందారు గానీ, ప్రయాణించింది మాత్రం అమెరికా ప్రైవేటు నౌకలో. కాబట్టి మీ పుస్తకంలో ‘ముగిసింది’ అని రాసుకోవలసిన పనిలేదు. ‘శిక్షణలో గౌరవం మిగిలింది, రవాణాలో గుత్తాధిపత్యం పోయింది, చంద్రుడి అన్వేషణలో వెనకబడింది’ అని మూడు వేర్వేరు వాక్యాలుగా రాసుకుని, ఎదురుగా తేదీ వేసుకోండి.

రంగానికి ఒక పేజీ కేటాయించి ఇలా రాసుకుంటూ పోతే, సంవత్సరానికి రెండుసార్లు తిరగేస్తే చాలు. సాధారణ సభలో ఉక్రెయిన్‌పై కొత్త ఓటింగ్ జరిగినప్పుడు మాజీ సోవియట్ దేశాల పేజీని, మార్చిలో సిప్రి నివేదిక వచ్చినప్పుడు ఆయుధాల పేజీని, చైనా కస్టమ్స్ శాఖ జనవరిలో వార్షిక లెక్కలు ప్రకటించినప్పుడు వాణిజ్యం పేజీని సవరించుకోండి. పాత వాక్యాన్ని కొట్టివేయకుండా దాని కిందనే కొత్తది రాయండి.